సముద్రం ముందు ఎన్ని అంతస్తులు? విశాఖ తీరంపై చర్చ

పెదవాల్తేరు వాసి:
విశాఖ బీచ్ రోడ్డు పక్కన పాత ఇళ్లు ఒక్కొక్కటే కూలి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. సీఆర్‌జెడ్, అంటే తీరం దగ్గర కట్టడాలను నియంత్రించే కేంద్ర నిబంధనల కింద పట్టణ తీరాల్లో ఎఫ్‌ఎస్‌ఐ, అంటే ఉన్న స్థలానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చనే లెక్క, ఏళ్ల తరబడి 1991 నాటి స్థాయిలోనే ఆగిపోయి ఉండేది. 2019 జనవరిలో కేంద్రం ఇచ్చిన ప్రకటన ఆ కట్టుబాటు తీసేసింది. మరి ఎత్తుకు పోనివ్వాలా, వద్దా? నేనైతే వద్దంటాను. మా డాబా మీద నిలబడితే సముద్రం కనిపించడం ఎప్పుడో మానేసింది.

కట్టడాల ఇంజనీరు:
అసలు బాధ ఆఖరి వాక్యంలో బయటపడింది. డాబా మీది నుంచి సముద్రం కనబడటం హక్కేమీ కాదండీ. మీరు ఇల్లు కట్టినప్పుడు వెనకింటివారికి కనబడకుండా పోయే ఉంటుంది, పాపం వారు చర్చ పెట్టలేదు. మన ఊరు కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కుంది. నిలువుగా పెరగనివ్వకపోతే కొండలు తొలుస్తారు. పైగా పాత రోడ్డుకు సముద్రం వైపు కొత్త భవనం కట్టకూడదు, రోడ్డుకు ఇవతలే కట్టాలి. నౌకాదళ విమానాశ్రయం ఉంది కాబట్టి ఎత్తుకు వేరే అనుమతి కూడా కావాలి. ఇష్టారాజ్యమేమీ కాదు.

జాలరిపేట కుర్రాడు:
ఎత్తు సంగతి మీరూ మీరూ తేల్చుకోండి, మాకు కావలసింది దారి. అలివి వల లాగడం ఎప్పుడైనా చూశారా ఇంజనీరు గారూ? వలను నీళ్లలో చుట్టూ తిప్పి వదిలి, రెండు కొసల తాళ్లనూ ఒడ్డుకు తెస్తారు. రెండు జట్లు ఇసుకలో వెనక్కి అడుగులు వేస్తూ, ఒకదానికొకటి దగ్గరవుతూ లాగుతాయి. దానికి చాలా పొడవున ఒడ్డు ఖాళీగా ఉండాలి. చేపల గంప నెత్తిన పెట్టుకుని మా అమ్మ రోడ్డెక్కడానికి సందు ఉండాలి. మా తాత నడిచిన సందులో ఇప్పుడు ఒక భవనం వాళ్ల కార్లు నిలుస్తున్నాయి. గేటు దగ్గర కాపలా మనిషి "ఏ ఫ్లాటుకి?" అని అడుగుతాడు. సముద్రానికి అని చెబితే నవ్వుతాడు.

పాత ప్లానరు:
కుర్రాడు చెప్పిందే అసలు విషయం. హోటళ్లు, రిసార్టులైతే, జనం ఒడ్డుకు చేరడానికి ఏ రెండింటి మధ్యనైనా కనీసం 20 మీటర్ల ఖాళీ వదలాలని సీఆర్‌జెడ్‌లో స్పష్టమైన షరతు ఉంది. అది రాసింది హోటళ్ల గురించి, అపార్టుమెంట్ల గురించి కాదు. అపార్టుమెంట్లకూ అలాంటి షరతు పెట్టాలని మనం అడగాలి. అంతస్తులు తగ్గించినంత మాత్రాన సందు తిరిగి రాదు, మూడంతస్తుల ఇంటికీ ప్రహరీ ఉంటుంది.

ఇంకొక మాట, కొనేవారికి. స్థానిక సంస్థ అనుమతి ఇచ్చిందని నిశ్చింతగా ఉండకండి. కొచ్చి దగ్గర మరడులోనూ పంచాయతీ అనుమతులు ఉన్నాయి. సీఆర్‌జెడ్ ఉల్లంఘన అని 2019 మేలో సుప్రీంకోర్టు తేల్చాక, 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగు అపార్టుమెంట్ సముదాయాలను పేలుడు పదార్థాలతో నేలకూల్చారు. వీధిన పడింది కొనుక్కున్నవారే.

బే ఏరియా తెలుగువాడు:
ఇక్కడ శాన్ ఫ్రాన్సిస్కోలో ఇదే గొడవ ఓటింగు దాకా వెళ్లింది. ఎంబార్కడెరో అనే తీరపు రోడ్డు దగ్గర 84 అడుగుల పరిమితిని 136 అడుగులకు పెంచి ఖరీదైన ఫ్లాట్లు కడతామన్నారు. 2013 నవంబరులో ఓటర్లు కాదన్నారు. పోర్టు భూముల్లో ఎత్తు పెంచాలంటే ఓటర్లను అడిగి తీరాలని 2014 జూన్‌లో చట్టమే చేసుకున్నారు.

కట్టడాల ఇంజనీరు:
అంటే మీ వాళ్లు ఎత్తుకు బద్ధ శత్రువులన్నమాట.

బే ఏరియా తెలుగువాడు:
అక్కడే పొరబడ్డారు. 2015లో మిషన్ రాక్ అనే పోర్టు స్థలంలో 240 అడుగుల దాకా అడిగితే అదే ఓటర్లు సరేనన్నారు. అందులో పార్కులు ఉన్నాయి, ఇళ్లలో 40 శాతాన్ని తక్కువ ఆదాయాలవారికి, మధ్యతరగతివారికి అందే ధరలో ఇస్తామన్నారు. మాకేమిటని అడిగారు, జవాబు దొరికింది.

కట్టడాల ఇంజనీరు:
సరే, దారి మాట ఒప్పుకుంటాను. ప్లాను ఆమోదించేటప్పుడే ఒడ్డుకు దారి రాయించి, దాన్ని నగరపాలక సంస్థ పేరిట దాఖలు చేయించాలి. భవన సంఘం చేతిలో పెడితే ఏడాదిలో గేటు పడుతుంది, నేను కళ్లారా చూశాను. అంతస్తుల విషయంలో మాత్రం నా మాట మారదు.

పెదవాల్తేరు వాసి:
నా డాబా సంగతి వదిలేయండి, కాస్త సిగ్గుగానే ఉంది. కుర్రాడు గారూ, ఆ సందు ఉండేదని చెప్పే కాగితం ఏదైనా ఉందా? నోటి మాటతో ఏ ఆఫీసులోనూ పని జరగదు.

జాలరిపేట కుర్రాడు:
మా తాత ఇంటి దస్తావేజు ట్రంకుపెట్టెలో ఉంది. హద్దుల దగ్గర "దక్షిణం: సముద్రమునకు పోవు దారి" అని ఉంది. చెద కొంచెం తిన్నది, ఆ వరుస మాత్రం బాగానే ఉంది. రేపు ఫొటో తీసి పెడతాను.