పవర్ వస్తోంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మీద ఏమీ రావట్లేదు. మదర్‌బోర్డు పోయినట్టేనా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఖమ్మం దగ్గర చిన్న ఊళ్లో నాకు డీటీపీ షాపు ఉంది, పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాను. సిస్టమ్ పాతదే, ఐ3 నాలుగో తరం, హెచ్81 బోర్డు, డీడీఆర్3 ర్యామ్ 2 జీబీవి రెండు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. పేజ్‌మేకర్, అను ఫాంట్స్ కోసం ఇంకా విండోస్ 7 మీదే నడుపుతున్నాను. మొన్న రాత్రి వానకి కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది, పొద్దున ఆన్ చేస్తే సీపీయూ ఫ్యాన్ తిరుగుతోంది, క్యాబినెట్ లైటు వెలుగుతోంది, మానిటర్ మీద మాత్రం నో సిగ్నల్. రిపేర్ ఆయన్ని పిలిస్తే ఐదు నిమిషాలు చూసి మదర్‌బోర్డు పోయింది, ఈ బోర్డు కొత్తది దొరకదు, మొత్తం సెట్ మార్చేయండి అన్నాడు. శ్రావణం ముహూర్తాల కార్డులు నాలుగు అందులోనే ఉన్నాయి, రెండింటికి ప్రూఫ్ కూడా ఓకే అయిపోయింది. రాత్రి నిద్ర పట్టలేదు. నిజంగా బోర్డేనా, ఇంకేమైనా చూడొచ్చా?

జవాబు 1:

అన్నా, ముందు ఫైళ్ల గురించి టెన్షన్ వదిలెయ్. బోర్డు పోయినా హార్డ్ డిస్క్‌లో ఉన్నవి మామూలుగా అలాగే ఉంటాయి. ప్లగ్ పీకేసి డిస్క్ బయటికి తీసి, సాటా (డిస్క్ తగిలించే కనెక్టర్) నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కో ల్యాప్‌టాప్‌కో తగిలించి కార్డుల ఫోల్డర్ కాపీ చేసుకో. మిగతాది నింపాదిగా చూడొచ్చు.

తర్వాత ఒక చిన్న పని. సిస్టమ్ ఆన్ చేసి ఒక నిమిషం ఆగి కీబోర్డ్ మీద నమ్ లాక్ నొక్కు. లైటు వెలిగి ఆరుతుంటే సిస్టమ్ లోపల నడుస్తున్నట్టే, అప్పుడు మానిటర్ కేబులో, పోర్టో చూసుకోవాలి. కదలిక లేకపోతే అసలు మొదట్లోనే ఆగిపోతోంది.

ప్రశ్న అడిగినవారు:

డిస్క్ తీసి మా బావమరిది ల్యాప్‌టాప్‌లో కాపీ చేశాను, అన్నీ ఉన్నాయి, చాలా థ్యాంక్స్ అన్నా. నమ్ లాక్ లైటు అసలు వెలగట్లేదు. మానిటర్ వేరే సిస్టమ్‌కి పెడితే బాగానే వస్తోంది.

జవాబు 2:

నేను పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఐదు నిమిషాల్లో మదర్‌బోర్డు పోయిందని ఎవరూ తేల్చలేరండి. ఫ్యాన్ తిరగడానికి 12 వోల్టులు అందితే చాలు, ప్రాసెసర్ ఒక్క పని మొదలుపెట్టకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి ఫ్యాన్‌ని చూసి బోర్డు బాగుందనీ అనలేం, పోయిందనీ అనలేం.

ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ ఇనుము మీద ఒకసారి చెయ్యి పెట్టి అప్పుడు లోపల ముట్టుకోండి. పెద్ద 24 పిన్నుల కనెక్టర్ కాకుండా ప్రాసెసర్ పక్కన 4 పిన్నులది ఇంకోటి ఉంటుంది, అది వదులుగా ఉన్నా సరిగ్గా మీరు చెప్పినట్టే ఫ్యాన్లు తిరిగి తెర నల్లగా ఉంటుంది. రెండూ తీసి గట్టిగా పెట్టండి. హార్డ్ డిస్క్, డీవీడీ డ్రైవ్, ప్రింటర్, పెన్‌డ్రైవ్ అన్నీ ఊడదీయండి.

ఇప్పుడు అసలు సంగతి. బోర్డు మీద స్పీకర్ అని రాసిన నాలుగు పిన్నులు ఉంటాయి, పాత క్యాబినెట్లలో వచ్చే చిన్న స్పీకర్ దానికి తగిలించండి, అది లేకపోతే బీప్ మీకు వినపడే దారే లేదు. తర్వాత రెండు ర్యామ్‌లూ తీసేసి ఆన్ చేయండి. ర్యామ్ లేదని బీప్ బీప్ అని మొత్తుకుంటే చాలా మంచి కబురు, ఎందుకంటే బయోస్ చిప్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ని (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచేది) ప్రాసెసర్ చదివితేనే ఆ శబ్దం వస్తుంది. అంటే ప్రాసెసర్ బతికే ఉంది, బోర్డులో ముఖ్యమైన భాగమూ బతికే ఉంది. అసలు చప్పుడు లేకపోతే అప్పుడు ఎస్ఎంపీఎస్ (లోపలికి కరెంటు ఇచ్చే డబ్బా), బోర్డు, ప్రాసెసర్ ఈ మూడింటిని అనుమానించాలి, అందులో ముందు ఎస్ఎంపీఎస్‌నే, వేరేది తెచ్చి పెట్టి చూడటం తేలిక.

జవాబు 3:

పై ఆయన చెప్పింది కరెక్ట్. ఒకటి కలుపుతాను, ఆకుపచ్చ వైరుని నల్ల వైరుతో కలిపితే ఫ్యాన్ తిరిగింది కాబట్టి ఎస్ఎంపీఎస్ బాగుంది అని చాలామంది అంటారు, అది లోడ్ లేనప్పటి, అంటే బోర్డు కరెంటు లాగనప్పటి మాట. సిస్టమ్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి, ఎరుపు మీద 4.75 నుంచి 5.25. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ పీకినా లోపల కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది, ప్రమాదం.

ర్యామ్ పిన్నుల్ని రబ్బరుతో రుద్దడం మనవాళ్లందరికీ అలవాటు, దానివల్ల పొడి స్లాట్‌లో పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే గుడ్డకి అద్ది తుడవండి. రబ్బరే వాడాల్సి వస్తే స్లాట్‌కి దూరంగా రుద్ది, పొడంతా దులిపాకే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:

స్పీకర్ పాత క్యాబినెట్‌లో దొరికింది. ర్యామ్‌లు తీసి ఆన్ చేస్తే పొడవుగా బీప్‌లు వచ్చాయి! షాపులో ఒక్కణ్నే ఉన్నాను, గట్టిగా అరిచేశాను. ఒక ర్యామ్ పెడితే మళ్లీ అదే నిశ్శబ్దం, రెండో స్లాట్‌లోకి మార్చినా అంతే. రెండో ర్యామ్ ఒక్కటే పెడితే చిన్న బీప్ ఒకటి కొట్టి డిస్‌ప్లే వచ్చేసింది. తేదీ 2013 చూపిస్తోంది, అందుకని బోర్డు మీద సెల్ కూడా సీఆర్2032 కొత్తది వేశాను.

కానీ హార్డ్ డిస్క్ తిరిగి పెడితే విండోస్ లోగో దాకా వచ్చి నీలం తెర వచ్చి రీస్టార్ట్ అవుతోంది. ఫోన్‌లో వీడియో తీసి ఆపి చూస్తే స్టాప్ అని సున్నాల వరుస చివర 7బీ అని ఉంది. ల్యాప్‌టాప్‌కి పెట్టినప్పుడు డిస్క్ ఏమైనా పాడైందా?

జవాబు 2:

డిస్క్ పాడైందని అనుకోకండి. 7బీ అంటే విండోస్‌కి తను బూట్ అవుతున్న డిస్క్ అందట్లేదని. బయోస్ సెట్టింగుల్ని గుర్తుంచుకునేది ఆ సెల్లే, అది అయిపోయినందుకు అవన్నీ మొదటికి వెళ్లిపోయాయి. మీ విండోస్ 7 ఇన్‌స్టాల్ చేసినవాళ్లు అప్పట్లో సాటా మోడ్‌ని (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) పాత పద్ధతైన ఐడీఈలో పెట్టి చేసి ఉంటారు, ఇప్పుడది డిఫాల్ట్‌గా కొత్త పద్ధతైన ఏహెచ్‌సీఐకి మారింది. ఆన్ చేయగానే డిలీట్ కొడుతూ బయోస్‌లోకి వెళ్లి సాటా మోడ్‌ని ఐడీఈ చేసి, ఎఫ్10తో సేవ్ చేసి చూడండి. విండోస్ రిపేర్, ఫార్మాట్ లాంటివి ఎవరు చెప్పినా ఇప్పుడే చేయకండి.

ప్రశ్న అడిగినవారు:

ఐడీఈ చేయగానే విండోస్ వచ్చేసింది అండి. పేజ్‌మేకర్ తెరిచి కార్డు కూడా చూశాను, ఒత్తులతో సహా అంతా సరిగ్గా ఉంది. మీకందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. 2 జీబీ ఒక్కదానితో కాస్త నెమ్మదిగా ఉంది, పని మాత్రం ఆగలేదు. వేరే ర్యామ్ కొనేటప్పుడు ఏం చూడాలి?

జవాబు 3:

డెస్క్‌టాప్‌ది డీడీఆర్3 అడగండి, ల్యాప్‌టాప్‌ది పొట్టిగా ఉంటుంది, పట్టదు. సెకండ్ హ్యాండ్ అయితే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక రాత్రంతా నడిపించండి, ఒక్క ఎర్రర్ వచ్చినా వెనక్కి ఇచ్చేయండి. ఆ కరెంటుకి యూపీఎస్ కూడా పెట్టుకోండి, దాని ఖరీదు రెండు కార్డుల లాభం దాటినా సరే.

జవాబు 2:

బయోస్‌లో ప్రతి పేజీ ఫోన్‌తో ఇవాళే ఫొటో తీసి పెట్టుకోండి. సెల్ మళ్లీ అయిపోయినప్పుడు ఏది ఎలా ఉండేదో చూసుకోవచ్చు.