.375 రైఫిల్ మీద పాత 3-9 స్కోప్ ఉంచాలా, మార్చాలా?

కొత్తగురి:
వచ్చే సీజన్‌లో జింబాబ్వేలో కేప్ బఫెలో (ఆఫ్రికా అడవి దున్న) వేటకు వెళ్తున్నాను. వీలైతే ఎర మీద చిరుత కూడా. రైఫిల్ .375 హెచ్ అండ్ హెచ్ (తూటా సైజు పేరు), చేత్తో బోల్ట్ లాగే బోల్ట్ యాక్షన్, 300 గ్రెయిన్ (సుమారు 19 గ్రాముల) తూటా. దాని మీద ఏళ్లుగా 3-9x40 స్కోప్ (జూమ్ 3 నుంచి 9 రెట్లు, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు) ఉంది, చెయ్యి బాగా అలవాటు పడింది. తోటివాళ్లేమో 1-4 గానీ 1-6 గానీ పెట్టమంటున్నారు. ఒకాయనైతే స్కోపే దండగ, ఐరన్ సైట్స్ (బ్యారెల్ మీదుండే అద్దం లేని లోహపు గురి) చాలన్నాడు. ఎవరి మాట వినను?

పాత డబుల్:
ఆ ఒకాయన నేను కాదు గానీ, నాదీ అదే మాట. జాంబెజీ లోయలో జెస్ అనే దట్టమైన పొదల్లోకి దిగితే పది గజాల ముందు ఏముందో కనపడదు. దున్న గంటకు 50 కిలోమీటర్ల పైన పరుగెత్తుతుంది. 30 మీటర్ల నుంచి మీద పడితే మీకున్నది రెండు సెకన్లు. అంతలో గొట్టంలో దున్నను వెతుక్కుంటారా? నా .470 డబుల్ (రెండు గొట్టాల) రైఫిల్ మీద వెనక వెడల్పాటి వి, ముందు తెల్ల పూస. భుజానికి ఎత్తగానే గురి అక్కడే ఉంటుంది.

లెన్స్ పిచ్చి:
పాత డబుల్ గారూ, అసలు ఆ దున్న మీద పడేదాకా ఎందుకొచ్చింది? చాలాసార్లు మొదటి తూటా తగలాల్సిన చోట తగలకే కదా. మొదటి తూటా సాధారణంగా 50 నుంచి 100 గజాల్లో, నేలలో నిలబెట్టిన కర్రల మీద రైఫిల్ ఆనించి కాలుస్తాం. నీడలో నల్లటి మంద. భుజం మీద కొమ్మ అడ్డం ఉందా, దాని వెనక ఇంకో ఆడ బఫెలో నిలబడి ఉందా? ఐరన్ సైట్స్‌తో తెలియదు. పైగా వెనక వి, ముందు పూస, దున్న, ఈ మూడూ ఒకేసారి స్పష్టంగా కనపడాలంటే యాభై దాటిన కళ్లు ఒప్పుకోవు.

అలాగని 3-9నీ సమర్థించను. మామూలు 3-9లో 3 దగ్గర వంద గజాల్లో కనపడే వెడల్పు సుమారు 33 అడుగులు. పది గజాల్లో? మూడడుగుల చిల్లర. అంటే దున్న కాదు, నల్లటి వెంట్రుకలు కనపడతాయి, అది మెడో పొట్టో తేలదు. నిజమైన 1 (అంటే పెద్దది చేయకుండా ఉన్నదున్నట్టు చూపేది) ఉన్న స్కోప్‌లో అదే దూరంలో పది అడుగులు దాటి కనపడుతుంది, రెండు కళ్లూ తెరిచే కాల్చొచ్చు. స్కోప్ కొనేటప్పుడు అందరూ పెద్ద అంకె చూస్తారు. ఈ వేటకు చూడాల్సింది చిన్న అంకె.

పాత డబుల్:
మరి అతిథుల్ని వేటకు తీసుకెళ్లే ప్రొఫెషనల్ హంటర్లలో చాలామంది స్కోప్ లేకుండా ఎందుకు తిరుగుతున్నట్టు?

లెన్స్ పిచ్చి:
వాళ్ల పని మీరు చెడగొట్టింది దగ్గర్లో పూర్తి చేయడం. అతిథి పని చెడగొట్టకుండా మొదలుపెట్టడం. రెండిటికీ ఒకే పనిముట్టు ఎందుకుండాలి?

కొత్తగురి:
చిరుత సంగతి? అది సందె చీకట్లో వస్తుందంటారు. 40 అద్దం వదిలేసి ఆ చిన్న జూమ్ స్కోపుల 24 అద్దానికి దిగితే వెలుతురు తగ్గదా?

లెన్స్ పిచ్చి:
అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగించండి. 24ని 4తో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు వృత్తం వ్యాసం 6 మిల్లీమీటర్లు. 40 అయితే 10. కానీ చీకట్లో మన కనుపాప మహా అయితే 7 దాకా తెరుచుకుంటుంది, వయసుతో ఇంకా తగ్గుతుంది. కాబట్టి 4 దగ్గర తేడా అనుకున్నంత ఉండదు. 6 దగ్గర మాత్రం 24 అద్దం 4 మిల్లీమీటర్లకు పడిపోతుంది, అక్కడ మీ 40దే పైచేయి. ఇంకోటి, మధ్యలో వెలిగే చుక్క ఉన్నదే తీసుకోండి. స్కోప్‌లోని నల్ల గురి గీత నల్ల దున్న మీద మాయమవుతుంది. ఆ చుక్క పట్టపగలు కూడా కనపడాలి.

రింగుమాస్టర్:
అద్దాల గొడవలో పడి బిగింపు మర్చిపోతున్నారు. నా కనుబొమ మీద నెలవంక మచ్చ ఉంది, ఒక .458 రైఫిల్ ఇచ్చిన బహుమతి. బల్ల మీద వంగి కాల్చా, స్కోప్ వచ్చి గుద్దింది. కంటికీ స్కోప్‌కీ మధ్య కనీసం మూడున్నర అంగుళాలు, నాలుగుంటే నిశ్చింత. పెద్ద జూమ్‌లో కూడా అంత ఉందో లేదో చూడండి, చాలావాటిలో తగ్గిపోతుంది. ముందు ఉబ్బు లేని తిన్నటి గొట్టమైతే కిందకి దించి బిగించొచ్చు, చెంప రైఫిల్ వెనక కట్టె మీద సరిగ్గా కూర్చుంటుంది. రైఫిల్ తన్నుకి బరువైన స్కోప్ రింగుల్లోంచి జారాలని, కింది మరల్ని తెంచాలని చూస్తుంది. అందుకే చాలామంది రింగుల దిమ్మెను రైఫిల్‌కి పట్టి ఉంచే 6-48 మరలు తీయించి లావు 8-40 వేయిస్తారు. స్కోప్ విప్పితే అడుగున ఐరన్ సైట్స్ ఉండేలా, లీవర్ తిప్పితే ఊడివచ్చే క్యూడీ రింగులు పెట్టుకోండి. పదిసార్లు విప్పి, బిగించి, కాల్చి చూడండి. జీరో (గురిపెట్టిన చోటే తూటా తగిలేలా చేసిన సర్దుబాటు) అక్కడే నిలిస్తేనే నమ్మండి.

పాత డబుల్:
దున్న మీదికొస్తుంటే లీవర్లు తిప్పేదెవరు స్వామీ?

రింగుమాస్టర్:
అప్పుడు కాదండీ. గాయపడ్డ దాని వెనక పొదల్లోకి వెళ్లే ముందే తీసేయాలి. తీయకపోతే కనీసం జూమ్ 1కి తిప్పాలి. నాతో వచ్చిన ఒకాయన 6 మీదే ఉంచి లోపలికి నడిచాడు. అదృష్టం, దున్న అప్పటికే చచ్చి పడి ఉంది.

పాత డబుల్:
సరే, క్యూడీ ఉంటే స్కోప్‌కి ఒప్పుకుంటా, దాని కింద మంచి ఐరన్ సైట్స్ ఉంటేనే. కొత్తగురీ, నీ రైఫిల్ మీద ముందు పూస ఎంత లావుది?

కొత్తగురి:
నా రైఫిల్‌కి ఐరన్ సైట్స్ లేవండీ. నున్నటి బ్యారెల్.

పాత డబుల్:
ఆ ముక్క మొదటి పోస్టులోనే చెప్పొద్దూ! ఇంతసేపూ నేను దేని కోసం గొంతు చించుకున్నట్టు?

రింగుమాస్టర్:
అయినా క్యూడీయే కొనండి, రెండు జతలు. దున్నకి 1-6. రెండో జతలో మీ పాత 3-9ని బిగించి, జీరో చేసి, బ్యాగులో వేసుకోండి. చిరుత కోసం ఎర దగ్గర కూర్చున్నప్పుడు అదే పెట్టుకోవచ్చు. మొదటిది పగిలితే ట్రిప్పూ ఆగదు.