గులాబీలో నీళ్లెక్కడివి?

నిన్న మెహదీపట్నంలో పండ్ల బండి దగ్గర ఒక ఇరానీ కుర్రాడు బేరిపండ్లు చూపించి “గొలాబీ ఎంత?” అన్నాడు. బండాయన పాపం, గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి దారి చెప్పడం మొదలుపెట్టాడు. “నాస్‌పతి కావాలట” అని నేను కలగజేసుకుంటే గానీ తూకం పడలేదు.

పారసీలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. గులాబ్ అంటే పన్నీరు. ఇప్పటి ఇరాన్‌లో గొలాబీ అంటే బేరిపండే. మనం మాత్రం ఆ నీళ్లకు మన పన్నీరు మాటే ఉంచుకుని, నీళ్ల పేరును పువ్వుకు పెట్టుకున్నాం. పెళ్లిలో చల్లేది పన్నీరు, జడలో పెట్టేది గులాబీ. ఇప్పటి పిల్లలకు పన్నీరంటే పాలక్‌తో వండే ముక్కలే గుర్తొస్తాయి, అది నాకు నిజంగా బాధ.

జవాబు: బాగుంది అన్నా. కానీ రోజా మాట వద్దు, గులాబీయే మనది అని నేనెప్పుడూ అంటాను కదా. ఇప్పుడు ఇదీ పరాయిదే అంటారా?

జవాబు: పరాయిదే తమ్ముడూ, పైగా రోజాకు చుట్టం. పాత ఇరానీ భాషల్లోని వర్ద్ లాంటి మాటే పారసీలో అరిగి గుల్ అయింది. గ్రీకు రోదోన్ అక్కడిదే. లాటిన్ రోజా కూడా ఆ వేరుదేనని ఎక్కువమంది పండితుల మాట. రెంటిలో ఏది వాడినా తప్పులేదు.

జవాబు: మొక్క సంగతి నేను చెప్తాను. పన్నీరుకు పేరుపడ్డది దమస్క గులాబీ. మూడు జాతులు కలిసి పుట్టిందని 2000లో జన్యు పరీక్షలో తేలింది. అందులో ఒకటి మధ్య ఆసియా కొండల మీది పొద. చలి దానికి లెక్కలేదు. ఇరాన్‌లో కాషాన్ పక్కన ఖమ్సర్‌లో వసంతంలో తెల్లారేసరికే పూలు కోస్తారు, ఎండెక్కితే వాసన పోతుందని. మన డాబాల మీదివి చాలావరకు అంటు మొక్కలు. మా కుండీలో అంటు ముడి కింద నుంచి సన్నాకుల కొమ్మ ఒకటి జోరుగా లేచింది. అది కింది అడివి గులాబీది. తుంచకపోతే పైదాన్ని తినేస్తుంది. అన్నట్టు బేరి కూడా గులాబీ కుటుంబమే అన్నయ్యా.

జవాబు: అక్కా, మీరు చెప్పాక నిన్న కొన్న పండు తిరగేసి చూశాను. కాడకు అవతలి కొసన ఎండిన చిన్న రేకలు ఐదున్నాయి. గులాబీ మొగ్గను పట్టుకునే ఆకుపచ్చ రేకలూ ఐదే.