వంశధార మీద మా వంతెన మధ్యలో ఆగిపోయింది, "పర్యావరణ పర్మిషన్ లేదు" అంటున్నారు. అసలు వంతెనకి ఏయే అనుమతులు కావాలి?

ఏటి అవతల ఊరు అడిగారు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపూర్‌కి ఎగువన వంశధార అవతలి గట్టు. ఊరి పేరు రాయడం లేదు, చిన్న ఊరు, రాస్తే ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. మా వైపుకి వంతెన మంజూరై రెండు వేసవుల కిందట పని మొదలైంది. ఏట్లో నాలుగు స్తంభాలు లేచాయి. మా గట్టు మీద ఎర్రమట్టి తోలి రోడ్డు ఎత్తు చేస్తుంటే ఒకరోజు ఫారెస్టు వాళ్లు వచ్చి ఆపేశారు, మిషన్లు వెళ్లిపోయాయి, ఇప్పటికి పదకొండు నెలలు. కాంట్రాక్టర్ మనిషిని అడిగితే "పర్యావరణ పర్మిషన్ రాలేదు" అంటాడు, ఆఫీసుకి వెళ్తే "ఫైల్ పైన ఉంది" అంటారు. పైన అంటే ఎక్కడో ఎవరూ చెప్పరు.

వేసవిలో మోకాల్లోతు నీళ్లలో నడిచి దాటేస్తాం. వానలు పడితే నాటుపడవే గతి. పోయిన ఆగస్టులో మా వదినకి నొప్పులు వచ్చిన రాత్రి ఏరు పోటు మీద ఉంది, పడవవాడు దాటించనన్నాడు, అతని తప్పేం లేదు, ఆ నీళ్లలో ఎవరూ దాటించలేరు. తెల్లారేదాకా గట్టు మీదే కూర్చున్నాం. తల్లీబిడ్డా క్షేమంగానే ఉన్నారు, కానీ ఆ రాత్రి తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. పత్తి అమ్ముకోవాలన్నా బస్తాకి పడవ కూలి వేరు.

వంతెన కట్టేది నీళ్ల మీద కదా, అడవి పర్మిషన్ ఎందుకు? ఏ కాగితం ఎక్కడ ఆగిందో మాలాంటి వాళ్లు ఎలా తెలుసుకోవాలి? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

పాత సైట్ ఇంజినీర్ జవాబు:

తమ్ముడూ, కొరాపుట్, రాయగడ వైపు వంతెన పనుల్లో ఇరవై ఏళ్లు తిరిగినవాణ్ని, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

"పర్యావరణ పర్మిషన్" అని వాళ్లు ఒక్క ముక్కలో చెప్తున్నది ఒక్క కాగితం కాదు, వేర్వేరు చట్టాల కింద వేర్వేరు చోట్ల నుంచి వచ్చేవి. ముందు పెద్దది చూద్దాం. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ పట్టికలో రోడ్ల వరుస 7(ఎఫ్). అందులో ఉన్నవి జాతీయ రహదారులు, కొన్ని రాష్ట్ర రహదారులు. మీ ఊరి వంతెన పల్లె రోడ్డు మీదది అయితే ఆ పెద్ద అనుమతి అవసరం దాదాపు ఉండదు. కాబట్టి ఎవరైనా "ఢిల్లీ నుంచి ఎన్విరాన్‌మెంట్ క్లియరెన్స్ రావాలి" అంటే ఏ కేటగిరీ కింద అని అడుగు.

నీ ఫైల్ ఆగింది అడవి దగ్గర. నువ్వన్నట్టు వంతెన నీళ్ల మీదే, ఏటి భూమి రికార్డుల్లో నది అనే ఉంటుంది. చిక్కంతా గట్టు మీద, అప్రోచ్ రోడ్డు కింద ఉన్న భూమితో. మన ఒడిశాలో చెట్టు ఒక్కటీ లేని బీడు కూడా రికార్డులో "పత్ర జంగల్" అనో "గ్రామ్య జంగల్" అనో కిసమ్ (భూమి రకం) రాసి ఉంటుంది. చట్టం కళ్లకి కనపడేది కాదు, రికార్డే చూస్తుంది. 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం, 2023 సవరణ తర్వాత కూడా, 1980 అక్టోబర్ 25 నాటికి గానీ ఆ తర్వాత గానీ ప్రభుత్వ రికార్డులో అడవి అని ఉంటే అది అడవే, కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా తట్ట మట్టి వేయకూడదు. మొదలుపెట్టేస్తే పీనల్ ఎన్‌పీవీ (పోయే అడవి విలువకి కట్టే డబ్బు మీద జరిమానా) కూడా పడుతుంది. టెండర్ పిలిచే ముందు ఒక మనిషి భూలేఖ్ (భూమి రికార్డుల) సైట్‌లో ప్లాట్ నంబర్ కొట్టి కిసమ్ చూసి ఉంటే మీకు ఈ పదకొండు నెలలు పోయేవి కావు. ఇది నేను కోపంగానే రాస్తున్నాను, ఎందుకంటే నేను చూసిన పనుల్లో సగం ఇలాగే ఆగాయి. స్తంభాలు ముందు లేపేస్తారు, అవి కనపడితే ఎవరూ ఆపలేరని వాళ్ల ధైర్యం.

ఫైల్ దారి ఇది. రోడ్డు శాఖ కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, దాంతో డీజీపీఎస్ (శాటిలైట్ కొలతల) సర్వే మ్యాప్, చెట్ల లెక్క ఇవ్వాలి. డీఎఫ్‌ఓ (డివిజన్ ఫారెస్టు అధికారి) చూసి పైకి పంపుతారు. రోడ్డు లాంటి పొడుగు పనుల ఫైళ్లు భువనేశ్వర్‌లోని కేంద్ర ప్రాంతీయ కార్యాలయంలోనే తేలతాయి, ఢిల్లీ దాకా పోవు. ముందు మొదటి దశ అనుమతి వస్తుంది. అప్పుడు ఎన్‌పీవీ కట్టాలి, 2022 జనవరిలో పెంచిన రేట్ల ప్రకారం అడవి రకాన్ని బట్టి హెక్టారుకి సుమారు 9.5 లక్షల నుంచి 16 లక్షల దాకా, బదులు మొక్కల ఖర్చు వేరు. ఆ డబ్బు కట్టాక, తుది అనుమతి ఇంకా రాకపోయినా, ఇలాంటి పనులకి చెట్లు కొట్టి పని మొదలుపెట్టుకునే అనుమతి ఇచ్చే వీలుంది. ఈ సంగతి చాలామందికి తెలియక తుది కాగితం కోసం ఏడాది కూర్చుంటారు.

ఇంకొకటి, ఆ ఎర్రమట్టి ఎక్కడ తవ్వారు? రోడ్డు పనులకి మామూలు మట్టి తీస్తే అనుమతి అక్కర్లేదని 2020 మార్చిలో కేంద్రం మినహాయింపు ఇచ్చింది, దాన్ని సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టేసింది. తర్వాత రూల్స్ మళ్లీ మారాయి. కాబట్టి మట్టి తీసిన తేదీ నాటికి ఏ కాగితం ఉందో అడగండి. హాట్ మిక్స్ ప్లాంటు పెడితే దానికి కాలుష్య నియంత్రణ బోర్డు కన్సెంట్ వేరే ఉండాలి.

బస్టాండ్ కుర్రోడు జవాబు:

ఇవన్నీ చదివేసరికి ముసలివాళ్లం అయిపోతాం అన్నా. వంతెన కావాలంటే ఊరంతా కలిసి గుణుపూర్ రోడ్డు మీద కూర్చోవడమే, రాస్తారోకో రెండు రోజులు చేస్తే మూడో రోజుకి మిషన్లు వస్తాయి. మల్కన్‌గిరి గురుప్రియ వంతెన చూడండి, 1982లో శంకుస్థాపన, 2018 జూలైలో ప్రారంభం. 36 ఏళ్లు. బలిమెల రిజర్వాయర్ అవతల 151 ఊళ్లు అన్నేళ్లు పడవల మీదే బతికాయి. కాగితాల కోసం ఆగితే మనకీ అదే గతి.

పర్లాకిమిడి రైతు జవాబు:

బాబూ, గురుప్రియ ఆగింది అడవి కాగితాల వల్ల కాదు, అక్కడ నక్సల్స్ భయంతో కాంట్రాక్టర్లు నిలబడలేదు. రెండూ కలపొద్దు.

రోడ్డు మీద కూర్చోండి, తప్పని నేను అనను, కానీ "ఫైల్ కదపండి" అని కూర్చోండి, "ఫైల్ లేకుండా కట్టేయండి" అని వద్దు. మాది మహేంద్రతనయ ఏటి పక్క ఊరు. మా దగ్గర ఒక వంతెన హడావుడిగా కట్టారు. ఖర్చు తగ్గుతుందని వంతెనని పొట్టిగా వేసి రెండు వైపులా మట్టి గట్టు పొడుగ్గా లాగారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఆ గట్టు ఆనకట్టలా అడ్డం పడింది, నీళ్లు పోవడానికి సందు లేక పక్కకి తిరిగి మా పొలాల మీద పడ్డాయి. మూడెకరాల వరి మీద నడుములోతు ఇసుక మేట. ఇసుక తీయించడానికి అయిన ఖర్చుతో ఇంకో అరెకరం కొనుక్కునేవాణ్ని. అవతలి గట్టు కూడా కోసుకుపోయింది.

అందుకే మీరు డ్రాయింగ్ అడగండి. ఎంత పెద్ద వరద లెక్క కట్టారు, మీ పెద్దవాళ్లు 1980 వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని చెప్తారో ఆ గుర్తు డ్రాయింగ్‌లో ఉందా లేదా చూడండి. మా దగ్గర ఊళ్లో ముసలాళ్లని ఒక్కరినీ అడగలేదు. అప్రోచ్ గట్టులో నీళ్లు పోయే తూములు ఎన్ని పెట్టారో కూడా చూడండి. ఏట్లో లారీలు తిరగడానికి తూము గొట్టాలు వేసి మట్టి కట్ట కడతారు కదా, వానలకి ముందు దాన్ని పూర్తిగా తీసేయాలి. పని ఆగిందన్నారు, మరి ఆ కట్ట తీశారా?

పాత సైట్ ఇంజినీర్ జవాబు:

రైతుగారు అన్నది అక్షరాలా నిజం. సెకనుకి 3000 ఘనమీటర్లు దాటి నీళ్లు పారే ఏటికి వరద మట్టానికీ వంతెన అడుగుకీ మధ్య కనీసం 1500 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలని ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) నిబంధన. వరదలో చెట్లు మొదళ్లతో సహా కొట్టుకొస్తాయి, ఆ ఖాళీ వాటి కోసం. 2017 జూలైలో మన జిల్లాలోనే తెరువలి, సింగపూర్ రోడ్ మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది, గుర్తుందా. కొండ ఏళ్లు గంటలో పెరుగుతాయి. ఇంకో మాట, పైల్స్ (లోతు పునాదులు) వేసేటప్పుడు వాడిన బెంటొనైట్ అనే బంకమట్టి బురదని ఏట్లోకి వదిలేస్తే దిగువన చేపలు పట్టేవాళ్ల నోట్లో మట్టి పడ్డట్టే. దాన్ని గుంట తీసి నిలవ చేయాలి.

అటవీ హక్కుల కార్యకర్త జవాబు:

తమ్ముడూ, మీ వదిన సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను గుణుపూర్ వైపు ఊళ్లలో పల్లీసభలతో, అంటే ఊరి సభలతో పని చేస్తాను. మీకు ఇంకో దారి ఉండొచ్చు, అది ఆఫీసుల్లో ఎవరూ చెప్పరు.

2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) చదవండి. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు లాంటి 13 రకాల ఊరి అవసరాలకి ప్రభుత్వం కట్టేదైతే, ఒక్కో పనికి అడవి హెక్టారు కన్నా తక్కువ, చెట్లు హెక్టారుకి 75 మించకుండా ఉంటే, గ్రామసభ (మన పల్లీసభే) సిఫారసు మీద డీఎఫ్‌ఓ స్థాయిలోనే ఇవ్వొచ్చు. 1980 చట్టం ఏం చెప్పినా సరే అని ఆ సెక్షన్‌లోనే ఉంది. ఆ పట్టికలో వంతెన అనే మాట విడిగా లేదు, రోడ్డు ఉంది, మీకు అడవి తగిలేది అప్రోచ్ రోడ్డుకే కాబట్టి అడగడానికి గట్టి ఆధారం ఉంది. కానీ రెండు హెక్టార్లని రెండు ముక్కలు చేసి చూపించే పనికి మాత్రం ఊరు ఒప్పుకోకూడదు.

పల్లీసభ పేరుకి జరిగితే చాలదు. సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. ఖాళీ కాగితం మీద వేలిముద్రలు తీసుకుని తర్వాత తీర్మానం రాసుకోవడం నేను కళ్లారా చూశాను, అలా ఒక్క సంతకం కూడా పెట్టొద్దు. మన జిల్లాలో పల్లీసభ మాటకి ఎంత బరువుందో తెలుసు కదా, 2013లో సుప్రీంకోర్టు అడగమంటే నియమగిరి కొండల చుట్టూ 12 ఊళ్లు బాక్సైట్ గని వద్దని తేల్చాయి. అదే సభ "మాకు ఈ రోడ్డు కావాలి" అని రాస్తే ఆ మాటకీ అంతే బరువు.

రోడ్డు లాంటి పనులకి గ్రామసభ సమ్మతి అక్కర్లేదని 2013 ఫిబ్రవరి 5న కేంద్రం ఒక ఉత్తరం ఇచ్చింది, మీకు అది చూపిస్తారు. అందులోనే ఆదిమ తెగల హక్కులు దెబ్బతినే చోట అది వర్తించదని కూడా ఉంది. మీ పైన అలాంటి ఆదిమ తెగ అయిన లాంజియా సవరల ఊళ్లు ఉంటే, ఆ దారిలో వాళ్ల ఇప్పచెట్లు, జీలుగు చెట్లు పోతుంటే, వాళ్లని పిలవకుండా ముందుకి పోవద్దు. వంతెన మనకి ఎంత అవసరమో వాళ్లకి ఆ చెట్టు అంత అవసరం.

ఏటి అవతల ఊరు జవాబు:

అందరికీ పాదాభివందనం. మూడు వారాలు పట్టింది, చెప్పినవన్నీ చేశాం.

ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) దగ్గరికి వెళ్లి ప్లాట్లు చూపించాం. ఇంజినీర్ గారు చెప్పినట్టే అప్రోచ్ కింద రెండు ప్లాట్లు పత్ర జంగల్, కలిపి ఎకరంన్నర, అంటే 0.6 హెక్టారు. చెట్లు మేమే నడుస్తూ లెక్కపెట్టాం, 31 ఉన్నాయి, ఎక్కువ చింత, ఇప్ప. పరివేష్‌లో మా జిల్లా రోడ్డు ఫైళ్లు వెతికితే మా వంతెన దొరికింది! మ్యాప్ సరిగా లేదు, మళ్లీ పెట్టండి అని ఐదు నెలల కిందటే వెనక్కి పంపారు. ఫైల్ పైన లేదు, ఇక్కడే ఒక టేబుల్ మీద ఉంది. ఫామ్ ఏ మీద పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ వేశాను, మ్యాప్ ఎవరు ఎప్పుడు సరిచేస్తారు, మట్టికి ఏ కాగితం ఉంది, వరద మట్టం ఎంత వేశారు, ఈ మూడే అడిగాను. ఏట్లో మట్టి కట్ట ఇంకా అలాగే ఉంది, దాని ఫోటోలు తీసి కలెక్టర్ గ్రీవెన్స్‌లో ఇచ్చాం, జూన్ లోపు తీయిస్తామన్నారు.

మా తాతయ్య 1980 నీటి గుర్తు శివాలయం గోడ మీద చూపించాడు, టేపుతో కొలిచి రాసిపెట్టాం.

వచ్చే గురువారం పల్లీసభ. పైనున్న రెండు సవర ఊళ్ల పెద్దల్ని కూడా పిలిచాం, పోయే ఇప్పచెట్లలో నాలుగు వాళ్లు ఏరుకునేవి, రోడ్డుని కాస్త పక్కకి జరిపితే రెండు మిగులుతాయని వాళ్లే చూపించారు. అక్కా, 3(2) తీర్మానం ఒడియాలో ఎలా రాయాలో ఒక నమూనా ఉంటే పంపుతారా? మా దగ్గర తెలుగు రాసేవాళ్లున్నారు కానీ ఒడియాలో ఆఫీసు భాష ఎవరికీ రాదు.

అటవీ హక్కుల కార్యకర్త జవాబు:

బుధవారం సాయంత్రానికి రాసి పంపుతాను. ప్లాట్ నంబర్లు, చెట్ల లెక్క, రోడ్డు జరపాలన్న సవర పెద్దల మాట, మూడూ తీర్మానంలోనే ఉండాలి, విడిగా వద్దు. చివరిగా ఒక పని, సభ రోజు హాజరు పుస్తకం జెరాక్స్ తీయించి ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి.