టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అవుతోంది, ఒక సాకెట్ దగ్గర టెస్టర్ పెడితే కావడం లేదు. ఈఎల్‌సీబీ బాగున్నట్టేనా?

ప్రశ్న (కొత్తకాపురం):
మా బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంది. టెస్ట్ బటన్ నొక్కగానే పడిపోతుంది. మిత్రుడి దగ్గర ఆర్‌సీడీ టెస్టర్ (ఇలాంటి స్విచ్‌లను సాకెట్ నుంచే పరీక్షించే పరికరం) తీసుకుని సాకెట్లన్నీ చూశాను. అన్నిచోట్లా ట్రిప్ అయింది, వాషింగ్ మెషిన్ సాకెట్ దగ్గర మాత్రం కదలలేదు. టెస్టర్ మీద ఎర్రదీపం వెలిగింది. బటన్ పనిచేస్తోంది కాబట్టి పరవాలేదా?

బల్బుబాబు:
టెస్టర్‌ను నమ్మకండి. వంద వాట్ల బల్బు హోల్డర్ తీగల్లో ఒకటి ఫేజ్‌లో, రెండోది ఎర్త్‌లో పెట్టండి. ట్రిప్ అయితే అంతా బాగున్నట్టే.

తనిఖీదారు:
కొత్తకాపురం గారూ, ఆ బల్బు పని దయచేసి చేయకండి. ఎర్త్ తీగ ఎక్కడో తెగి ఉంటే, ఆ తెగిన చోటు నుంచి ఇవతల దానికి కలిసి ఉన్న ప్రతి లోహపు వస్తువులోకీ బల్బు గుండా ఫేజ్ వచ్చేస్తుంది. అదే సమయంలో ఎవరైనా మెషిన్ మీద చేయి వేస్తే? పైగా 230 వోల్టుల దగ్గర వంద వాట్ల బల్బు 400 మిల్లీ ఆంపియర్లకు పైగా లాగుతుంది. 30 దగ్గర పడవలసింది మొద్దుబారి 200 దగ్గర పడుతున్నా, ఈ పరీక్షలో నెగ్గిపోతుంది.

ఇక బటన్ సంగతి. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అన్నదే ఈ పరికరం చూస్తుంది. బటన్ నొక్కితే లోపలున్న రెసిస్టర్ గుండా కొంత కరెంటు, ఆ తేడాను పసిగట్టే కాయిల్‌ను తప్పించుకుని న్యూట్రల్‌కు చేరుతుంది, తేడా పుడుతుంది, స్విచ్ పడుతుంది. ఎర్త్ తీగకు ఇందులో పాత్రే లేదు. ఇంటికి అసలు ఎర్త్ లేకపోయినా బటన్ పనిచేస్తుంది! అయినా బటన్ నొక్కడం మానకండి. ఏళ్ల తరబడి కదలని లోపలి యంత్రాంగం బిగుసుకుపోతుంది, అప్పుడప్పుడు కదిలించాలి.

టెస్టర్ అయితే ఆ సాకెట్ ఎర్త్ గుండానే కరెంటు పంపుతుంది. మిగతా సాకెట్లలో ట్రిప్ అయింది కాబట్టి ఈఎల్‌సీబీని అనుమానించనవసరం లేదు, ఆ సాకెట్‌కు ఎర్త్ అందడం లేదు. ఎర్రదీపం చాలావరకు అదే చెబుతోంది. సరిదిద్దేవరకు మెషిన్ వాడకండి. మెయిన్ ఆపించి, ఎర్త్ పిన్ నుంచి బోర్డులోని ఎర్త్ బార్ వరకు కంటిన్యూటీ (తీగ ఎక్కడా తెగకుండా కలిసి ఉందా అన్నది) చూడమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.

బల్బుబాబు:
ఎర్త్ లేకపోయినా ఈఎల్‌సీబీ మనిషిని కాపాడుతుంది కదా?

తనిఖీదారు:
చాలావరకు కాపాడుతుంది, కానీ ఎర్త్ లేనప్పుడు లీకేజీకి మొదటి దారి మనిషి ఒళ్లే. షాక్ కొట్టాకే ట్రిప్ అవుతుంది. ఎర్త్ ఉంటే ఎవరూ ముట్టుకోకముందే, లీకేజీ మొదలైనప్పుడే పడిపోతుంది. ఒక చేత్తో ఫేజ్, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాడిని మాత్రం ఇది కాపాడుతుందని నమ్మకూడదు. దాని లెక్కలో ఆ మనిషి కూడా ఒక బల్బు లాంటివాడే.

కొత్తకాపురం:
ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పారు. ఎర్త్ తీగ టెర్మినల్‌లోనే ఉంది, అయితే స్క్రూ రాగి మీద కాకుండా ప్లాస్టిక్ తొడుగు మీద బిగించి ఉంది. చూడడానికి అంతా సవ్యంగానే కనిపించింది. సరిచేశాక 30 దగ్గర 24 మిల్లీసెకన్లలో ట్రిప్ అయింది. కానీ ఇప్పుడు టెస్టర్‌ను సగానికి, అంటే 15కి పెట్టినా పడిపోతోంది. ఇది ఎక్కువ భద్రమే కదా?

తనిఖీదారు:
24 చక్కని సమయం. 30 దగ్గర 300 మిల్లీసెకన్లు, అయిదింతలు అంటే 150 దగ్గర 40 మిల్లీసెకన్లు దాటకూడదు. టెస్టర్‌లో 0, 180 డిగ్రీల మీట (ఏసీ తరంగం ఏ సగంలో పరీక్ష మొదలవాలో ఎంచుకునేది) ఉంటే రెండువైపులా చూసి, ఎక్కువ వచ్చిన సమయాన్నే రాసుకోండి.

15 దగ్గర పడకూడదు. పడితే కారణం లేకుండా ఇల్లంతా చీకటవుతుంది, విసుగెత్తి ఎవరో ఒకరు ఈఎల్‌సీబీనే తప్పించి నేరుగా కలిపేస్తారు. అలా కలిపేసిన బోర్డులు చూసినప్పుడల్లా నాకు గుండె గుభేలుమంటుంది. కంప్యూటర్, గీజర్, ఫ్రిజ్ ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా లీక్ చేస్తాయి, టెస్టర్ పంపే కరెంటు దానికి తోడవుతుంది. ప్లగ్‌లన్నీ పీకేసి మళ్లీ 15 దగ్గర చూడండి. అప్పుడు పడకపోతే ఒక్కో పరికరాన్ని కలుపుతూ దొంగను పట్టుకోవచ్చు. నేనైతే ముందు గీజర్‌ను చూస్తాను. అన్నీ తీసేసినా పడుతుంటే బోర్డు దగ్గర ఔట్‌పుట్ తీగలు విప్పించి, ఈఎల్‌సీబీని ఒంటరిగా పరీక్షించమనండి. అక్కడా 15కే పడితే మార్చేయాలి, పడకపోతే లీకేజీ వైరింగ్‌లో ఉంది.