జంతువుల మాస్క్: ప్రింట్ తీసి ఇవ్వాలా, పిల్లలే గీసుకోవాలా?

హరిత: సెలవులు కదా, పిల్లలతో కాగితం మాస్కులు చేయిద్దామనుకుంటున్నాం. పులి, కుందేలు బొమ్మలు ఆన్‌లైన్‌లో రెడీగా దొరుకుతున్నాయి. ప్రింట్ తీసిస్తే రంగులేసి కత్తిరించుకుంటారు. మా ఆడపడుచు మాత్రం అది క్రాఫ్టే కాదు, తెల్ల అట్ట ఇచ్చి వాళ్లకే వదిలేయమంటోంది. పాపకి ఐదేళ్లు, బాబుకి తొమ్మిది. మీరేమంటారు?

రంగులపెట్టె: మీ ఆడపడుచు మాటే నా మాట. ప్రింట్ ఇస్తే పిల్లల ధ్యాసంతా గీత దాటకుండా రంగు నింపడం మీదే ఉంటుంది, జంతువు ఎలా ఉంటుందో చూడరు. మాస్క్ చేయడంలో మజా అంతా ఆ చూడటంలోనే ఉంది. కుందేలునే తీసుకోండి. కళ్లు తలకి చెరో పక్కన ఉంటాయి, వెనక నుంచి వచ్చేదాన్ని కూడా కనిపెట్టాలి కాబట్టి. పులికి రెండూ ముందుకే ఉంటాయి, దూకేముందు దూరం అంచనా కట్టాలి మరి. మేక కంటిపాప అడ్డంగా, పిల్లిది నిలువుగా, పులిది గుండ్రంగా. ఇవి గమనించిన పిల్ల ఎంత వంకరగా గీసినా అది మేకేనని తెలిసిపోతుంది. నేను చూసిన ప్రింట్ బొమ్మల్లో చాలావాటికి ముఖం ఒకటే, చెవులే మారతాయి.

బుజ్జిగాడి నాన్న: ఐదేళ్ల పాపకి తెల్ల అట్ట ఇచ్చి కంటిపాపల గురించి చెబుతారా? చెవి సరిగ్గా రాలేదని ఏడ్చి లేచిపోతుంది. గీత వెంట కత్తెర నడపడం ఆ వయసుకి చిన్న పనేం కాదు, దాన్ని తీసిపారేయకండి. పైగా గంటసేపు పక్కన కూర్చునే తీరిక అందరికీ ఉండదు.

రంగులపెట్టె: కత్తెర పని విలువ నేను కాదనను. కానీ పక్కన అచ్చు బొమ్మ ఉన్నప్పుడే పిల్లలు తమ గీతని దానితో పోల్చుకుని నీరసపడతారు. అది లేకపోతే చెవి ఎలా వచ్చినా అది వాళ్ల చెవే. తీరిక లేనప్పుడు పెద్ద గుండ్రం కత్తిరించి ఇవ్వండి చాలు. ముఖం ఏదో వాళ్లే తేల్చుకుంటారు.

అట్టముక్క: ఎవరు గీసినా ముందు అది ముఖానికి నిలవాలి కదా. ప్రింటర్‌లో వేసే మామూలు కాగితం 80 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకి 80 గ్రాముల బరువు) ఉంటుంది, ఎలాస్టిక్ లాగగానే చిరుగుతుంది. 200 పైన ఉన్న అట్ట తీసుకోండి, లేదా ప్రింట్‌ని అట్టకి అంటించండి. కట్టే రంధ్రాల దగ్గర రెండు వైపులా టేప్ వేయండి. స్టేప్లర్ కొడితే పిన్ను మొనలు బయటివైపు ఉండాలి, వాటి మీద కూడా టేప్ వేయాలి.

అసలు చిక్కు కళ్ల దగ్గరే. పిల్లల కంటిపాపల మధ్య దూరం సుమారు 5 సెంటీమీటర్లు, పెద్దవాళ్లకి 6 పైనే. అచ్చు ఎవరి కొలతకి వేశారో తెలియదు. రంధ్రం కాస్త పక్కకి పోతే ఒక్క కన్నే కనిపిస్తుంది, అలాగే పరుగెత్తి పడతారు. పాప కళ్లు మూసుకుని ఉండగా అట్ట ఆనించి, పైనుంచి వేలితో మెల్లగా తడిమి కళ్ల చోటు చూసుకోండి. అట్ట తీశాకే గుర్తు పెట్టి, రంధ్రం పెద్దవాళ్లే కోయాలి. కుందేలు కళ్లు పక్కలకే గీయించండి, చూసే రంధ్రాలు వేరే ఉంటాయి, వాటి చుట్టూ మచ్చలు వేస్తే తెలియవు.

ఇంకోటి, నుదురు దగ్గర, గడ్డం దగ్గర కొంచెం చీల్చి, అంచులు ఒకదాని మీదకి ఒకటి జరిపి అంటిస్తే అట్ట ముందుకు ఉబ్బుతుంది. ముక్కుకి ఊపిరాడే చోటు దొరుకుతుంది.

బుజ్జిగాడి నాన్న: ఇది పనికొచ్చే మాట. అయినా చిన్నపిల్లలకి మొదటిసారి అచ్చు ఉండాలనే అంటాను. ఒకటి పూర్తయితే రెండోది తామే గీస్తామంటారు.

రంగులపెట్టె: నేను చూసిన పిల్లలు మాత్రం రెండోసారీ ప్రింటే అడిగారు.

హరిత: అందరికీ థాంక్స్. పాపకి కళ్లు కోసిన గుండ్రం ఇస్తాను, బాబు జంతువుల ఫొటోలు చూసి సొంతంగా గీస్తాడు. వాడికి కళ్లజోడు ఉంది, మాస్క్ దాని మీద ఆనకుండా ఎలా?

అట్టముక్క: ముఖం మీద వద్దు. తల చుట్టూ అట్ట పట్టీ అంటించి, జంతువు ముఖాన్ని నుదుటి పైన నిలబెట్టండి. కళ్లజోడుకి ఏమీ తగలదు, రంధ్రాలు కోసే పని కూడా ఉండదు.