మ్యాప్‌లో రోడ్డుంది, రూట్ మాత్రం దాని మీదుగా పోదు

చైన్‌లూజు:
పొద్దుట్నుంచి ఇదే పని, తల వాచిపోయింది. రెండు ఊళ్ల మధ్య చిన్న రోడ్డుంది, మ్యాప్‌లో గీత స్పష్టంగా కనిపిస్తోంది. సైకిల్ యాప్‌లో రూట్ వెయ్యమంటే దాన్ని వదిలేసి మెయిన్ రోడ్డెక్కించి, లారీల మధ్య చుట్టు తిప్పుతోంది. రోడ్డు మధ్యలో పాయింటు పెడితే ఇంకా ఘోరం. అక్కడిదాకా పోయి, వచ్చిన దారినే వెనక్కొచ్చి, మళ్లీ అదే చుట్టు. ఆదివారం బయల్దేరాలి. ఎవరైనా చెప్పండి.

గాలిపంపు:
ఏ యాప్? ఏ సైకిల్?

చైన్‌లూజు:
అందరూ వాడే యాపేనండీ. సైకిలంటే సైకిలే కదా, దానికీ దీనికీ ఏం సంబంధం?

గాలిపంపు:
ఉంది. యాప్‌లో సైకిల్ రకం రోడ్ బైక్ అని పెడితే మట్టిరోడ్లు తప్పిస్తుంది. ప్రొఫైల్ మార్చండి.

కొండెక్కేవాడు:
రూట్ సంగతి తర్వాత, ముందు ఆ యాప్ చూపించే ఎత్తుల్ని నమ్మకండి. చాలా యాప్‌లకు ఆధారం 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన ఎస్ఆర్‌టీఎం కొలతలే. దాదాపు 30 మీటర్లకొక ఎత్తు ఉంటుంది, అంతే. దట్టమైన అడవిలో చెట్ల ఎత్తు కూడా నేలలో కలిసిపోతుంది. కొండను తొలిచి వేసిన రోడ్డయితే, పక్కనున్న గట్టు ఎత్తు రోడ్డుకు అంటగడుతుంది. లేని ఎక్కుడు చూసి భయపడి మంచి దారులు వదులుకున్నవాళ్లు ఎంతమందో.

చైన్‌లూజు:
నేను ఎత్తు గురించి అడగలేదు మహానుభావా. ప్రొఫైల్ మార్చాను, ఏం తేడా లేదు.

దారిచూపు:
ప్రొఫైల్ వల్ల కాదు. రోడ్డు నచ్చకపోయినా, మధ్యలో పాయింటు పెడితే అటునుంచి దాటాల్సిందే. వెనక్కొస్తోందంటే రెండో కొస మూసుకుపోయిందన్నమాట. మ్యాప్ మూలలో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఉందా? ఎవరైనా దిద్దగలిగే మ్యాప్ అది.

చైన్‌లూజు:
ఉంది, చిన్నక్షరాల్లో.

దారిచూపు:
అయితే ఆ సైట్‌లో ఎడిట్ నొక్కి, ఆ కొస దగ్గర బాగా జూమ్ చేయండి. రెండు రోడ్లకూ ఒకే నోడ్, అంటే గీతలో ఉండే చుక్క, ఉంటేనే కలిసినట్టు. గీతలు ఆనుకున్నట్టే కనిపిస్తాయి, నిజానికి రెండు మూడు మీటర్లు ఎడం ఉంటుంది. మన కంటికి రోడ్డు, రూటర్‌కు, అంటే దారి లెక్కేసే ప్రోగ్రాముకు, గోడ. ఇలాంటి చోట ఎడిట్ నొక్కితే తెరుచుకునే ఐడీ ఎడిటర్ తనే హెచ్చరిస్తుంది. కానీ శాటిలైట్ ఫొటో చూసి తొందరపడి కలిపెయ్యకండి. చెట్ల కింద గేటుండొచ్చు, తెగిన గట్టుండొచ్చు.

రాళ్లదారి:
ఆ రోడ్డుకి ఏ ట్యాగ్ ఉందో, అంటే మ్యాప్‌లో ఏ రకం రోడ్డని రాశారో కూడా చూడండి. ట్రాక్ అని ఉంటే తప్పు. రెండు ఊళ్లను కలిపే చిన్న రోడ్డు మట్టిదైనా దాని ట్యాగ్ అన్‌క్లాసిఫైడే. ట్రాక్ అంటే పొలాలకో అడవికో పోయే బాట.

గాలిపంపు:
మట్టిరోడ్డుని ట్రాకంటే కొంప మునిగిందా?

రాళ్లదారి:
మునుగుతుంది. రోడ్డు దేనికి పనికొస్తుందనేది ఒకటి, పైన ఏముందనేది ఒకటి. తారో మట్టో చెప్పడానికి సర్ఫేస్ ట్యాగ్ ఉంది. బాట ఎంత గట్టిదో చెప్పడానికి ట్రాక్‌టైప్‌లో 1 నుంచి 5 దాకా గ్రేడ్లున్నాయి. ఉన్నవి వాడకుండా అన్నీ ట్రాక్‌లో కలిపేస్తే రూటర్ ఏం చేస్తుంది పాపం?

గాలిపంపు:
దీనికి వేరే పోస్టు పెట్టుకోండి.

చైన్‌లూజు:
దొరికింది! కల్వర్టు దగ్గర గీత ఆగిపోయింది. అక్కడ బండ్లు పోతాయని తెలుసు, నేనే చూశాను. కలిపి సేవ్ చేశాను. అయినా రూట్ మారలేదు, ఎందుకు?

దారిచూపు:
యాప్ తన దగ్గరున్న కాపీ మీద లెక్క వేస్తుంది. అది కొత్తది అయ్యేదాకా రోజులు పట్టొచ్చు. ఈలోగా ఆ ముక్క వరకు యాప్ తనే దారి వెయ్యడం ఆపి చేత్తో గీయండి. దారి దాచుకునే ఫైలు, జీపీఎక్స్, దించేటప్పుడు ట్రాక్‌గా దించండి, రూట్‌గా కాదు. ఈ ట్రాక్ వేరు, పైన చెప్పిన రోడ్డు ట్యాగ్ వేరు.

చైన్‌లూజు:
రూట్‌గానే దించి హ్యాండిల్‌బార్ కంప్యూటర్‌లో ఎక్కించాను. మళ్లీ మెయిన్ రోడ్డే చూపిస్తోంది.

గాలిపంపు:
కంప్యూటర్ ఉన్న సంగతి ఇప్పుడా చెప్పేది?

దారిచూపు:
రూట్ అంటే నాలుగు పాయింట్లే ఉంటాయి, మధ్య దారి ఆ కంప్యూటరే మళ్లీ లెక్కేస్తుంది, దానిలో ఉన్నదీ పాత మ్యాపే. ట్రాక్ అయితే గీసిన గీత గీసినట్టు చూపిస్తుంది. దారి తప్పితే మళ్లీ లెక్కించే సెట్టింగ్ కూడా ఆపేయండి.

కొండెక్కేవాడు:
చేత్తో గీస్తే ఎత్తులు ఇంకా తేడాగా వస్తాయి, చూసుకోండి.

చైన్‌లూజు:
వచ్చిందండీ, ట్రాక్ ఎక్కింది. థాంక్స్.

రాళ్లదారి:
ఇంతకీ ఆ రోడ్డుకి ఏ ట్యాగ్ ఉంది?